శాలువా కప్పిన తెల్లారి

జూలై నెల వచ్చిందంటే హన్మకొండలో రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బుల పదవీ స్వీకారాలు మొదలవుతాయి. ఫంక్షన్ హాల్ గుమ్మానికి బంతిపూల దండలు, స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీ, ముందు వరుసలో అతిథులకు సోఫాలు. కొత్త అధ్యక్షుడి ప్రమాణం అయ్యాక కొత్త సభ్యుల్ని ఒక్కొక్కరినీ స్టేజీ మీదికి పిలుస్తారు. ప్రమాణం చేయించి, కోటుకు పిన్ పెట్టి, శాలువా కప్పి, ఫోటో దిగి పంపిస్తారు. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు పడుతుందేమో.

కొన్నేళ్ల కింద మా క్లబ్బులో అట్లా చేరిన ఒక తమ్ముడు ఎంజీఎం ఆసుపత్రి దగ్గర చిన్న రక్తపరీక్షల ల్యాబు నడిపేవాడు. ఆ సాయంత్రం వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చింది. కొడుక్కి పిన్ పెడుతుంటే ఫోన్లో ఫోటో తీయడం రాక, పక్కన కూర్చున్నామెకు ఫోన్ ఇచ్చి బతిమాలి తీయించుకుంది. మరుసటి జూన్‌లో కార్యదర్శి హోదాలో సభ్యుల జాబితా సరిచేస్తూ అతని పేరు కొట్టేయాల్సి వచ్చింది. ఆరు నెలలుగా మీటింగుకు రాలేదు, చందా బాకీ. కొట్టేసే ముందు ఒకసారి మాట్లాడదామని ఫోన్ చేశాను.

"ఏం తమ్మీ, మమ్మల్ని మర్చిపోయినవా?"

"నేను మరువలే అన్నా. వచ్చిన ప్రతిసారి కుర్చీల కూసున్న, చప్పట్లు కొట్టిన, తిని పోయిన. నాకేం పని చెప్పిండ్లు మీరు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మాట్లాడకుండా ఊరుకున్నందుకే ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను.

కొత్తవాళ్లు నిలవడం లేదని ఏ క్లబ్బులో అడిగినా రెండు కారణాలు చెబుతారు. ఈ కాలం పిల్లలకు టైమ్ లేదు, సేవాభావం లేదు. నేను చూసినంతలో ఈ రెండూ పైపై మాటలే. చేర్చుకునే పద్ధతి, పైసల లెక్క, పదవుల క్యాలెండర్, మీటింగుల తీరు, ఇవన్నీ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. కొత్తగా వచ్చిన మనిషి ఆ చిక్కులో ఎక్కడో ఒకచోట జారిపోతాడు. తప్పు తనదేనేమో అనుకుని చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాడు.

ముందు చేర్చుకునే పద్ధతి చూద్దాం. రోటరీ అయినా లయన్స్ అయినా ఎవరో ఒక సభ్యుడు పిలిస్తే చేరడమే ఆనవాయితీ. ఆ సభ్యుణ్ణి ఒక చోట ప్రపోజర్ అంటారు, ఇంకో చోట స్పాన్సర్ అంటారు. అతను పేరు రాసిస్తే బోర్డు, అంటే క్లబ్బు కార్యవర్గం, చూసి సరేనంటుంది, చాలా చోట్ల ప్రవేశ రుసుం కట్టాలి, ఆ తర్వాత ప్రమాణం. బయటినుంచి చూసేవాళ్లకు ఇదేదో పెద్దవాళ్ల గుంపు, మనలాంటి వాళ్లకు కాదు అనిపించేది ఈ పద్ధతి వల్లే. పిలుపు మీద చేర్చుకోవడంలో ఒక మంచి ఉద్దేశం ఉంది: వచ్చిన మనిషికి లోపల ఒకరైనా జవాబుదారీగా ఉండాలని. ఆ ఉద్దేశం ఎక్కడ చెడిందో తెలియాలంటే ఈ క్లబ్బులు పుట్టిన తీరు కొంచెం తెలియాలి.

1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు మిత్రులతో కూర్చున్నాడు. ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు మైనింగ్ ఇంజనీరు, ఒకరు దర్జీ దుకాణం యజమాని. ఊళ్లోంచి పట్నానికి వచ్చి ఒంటరైపోయిన వాళ్లు స్నేహం కోసం మొదలుపెట్టిన కూడిక అది. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్లు కాబట్టి రోటరీ అన్న పేరొచ్చింది. ఒక వృత్తి నుంచి ఒక్కరినే తీసుకోవాలని నియమం. ఒకరికొకరు గిరాకీలు ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉండేది. సేవ అన్న మాట ఇంకా రాలేదు.

1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ల లాయర్ని చేరమని పిలిచారు. సభ్యుల లాభం తప్ప ఊరికి ఏ మేలూ చేయని క్లబ్బు ఎక్కువ కాలం నిలవదని ఆయన చెప్పాడు. పిలవడానికి పోయిన వాళ్లు ఆ మాటకు చిన్నబుచ్చుకోలేదు. క్లబ్బు ఉద్దేశాల్లో ఊరి మేలును కూడా చేర్చారు, ఆయన చేరాడు. మరుసటి ఏడు, 1907లో, నగరం నడిబొడ్డున జనానికి మరుగుదొడ్లు కట్టించే పనికి పూనుకున్నారు. రోటరీ మొదటి సేవా కార్యక్రమం అదే.

ఈ సంగతి నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఈ రోజు ప్రపంచమంతా పేరున్న ఒక సేవా సంస్థను సేవ వైపు తిప్పింది అధ్యక్షుడు కాదు, కొత్తగా రమ్మంటే ప్రశ్న అడిగిన మనిషి. ఆ ప్రశ్నను విన్నారు కాబట్టి మలుపు తిరిగింది. మన దగ్గర కొత్త సభ్యుడు మొదటి మీటింగులోనే "ఈ డబ్బు ఇక్కడికెందుకు, అక్కడికి ఇస్తే బాగుండు కదా" అంటే ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. పక్కన కూర్చున్న సీనియర్ మోచేత్తో పొడిచి "ముందు రెండేళ్లు చూడు" అంటాడు. రెండేళ్లు చూసేదాకా ఎంతమంది ఉంటారు?

లయన్స్ కథ కూడా ఇలాంటిదే. మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి 1917లో వేర్వేరు ఊళ్ల వ్యాపారుల క్లబ్బుల్ని చికాగోకు పిలిచి కూడగట్టాడు. అదే ఏడు డల్లాస్‌లో జరిగిన మొదటి మహాసభలో, సభ్యుల ఆర్థిక లాభాన్ని ఏ క్లబ్బూ తన ఉద్దేశంగా చెప్పుకోకూడదని నియమం పెట్టుకున్నారు. 1925లో చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకు వచ్చి చూపు లేనివాళ్ల కోసం పనిచేయమని అడిగింది. ఈ రోజు పరకాలలోనో వర్ధన్నపేటలోనో లయన్స్ కంటి శిబిరం బ్యానర్ కనబడుతుందంటే దాని మూలం అక్కడుంది.

ఇవన్నీ అమెరికా నుంచి దిగుమతి అయిన పోకడలు, మనకు ఒంటబట్టవు అనేవాళ్లూ ఉన్నారు. కానీ రోటరీ కంటే ఒక ఏడాది ముందే, 1904లో, హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మొదలైంది. నిజాం పాలనలో తెలుగు చదువుకే ఆదరువు లేని రోజుల్లో పదిమంది కూడి, చందాలు వేసుకుని, పుస్తకాలు తెచ్చి పెట్టుకున్నారు. ఎండాకాలం నాలుగు రోడ్ల కూడలిలో రంజన్లు పెట్టి నీళ్లు పోసేవాళ్లు, మేడారం జాతర తొవ్వలో మజ్జిగ పంచేవాళ్లు ఏ క్లబ్బులోనూ లేరు. పదిమంది కలిసి ఊరికి పనిచేయడం ఓరుగల్లుకు ఎవరో వచ్చి నేర్పింది కాదు. అందుకే, సేవాభావం తగ్గిపోయిందన్న మాట నేను ఒప్పుకోలేను.

ఇప్పుడు పైసల సంగతి. కొత్త సభ్యులకు అన్నిటికంటే తక్కువ చెప్పేది, అన్నిటికంటే ఎక్కువ అనుమానం పుట్టించేది ఇదే. చేరేటప్పుడు ఒక మొత్తం చెబుతారు. అది సేవకే పోతుందని వచ్చిన మనిషి అనుకుంటాడు. నిజానికి ఆ చందాలో ఒక భాగం అంతర్జాతీయ సంస్థకు, ఒక భాగం జిల్లాకు పోతుంది. ఇక్కడ జిల్లా అంటే కలెక్టర్ ఉండే జిల్లా కాదు, క్లబ్బులు తమకు తాము గీసుకున్న ప్రాంతం. దాని పెద్దను డిస్ట్రిక్ట్ గవర్నర్ అంటారు. మిగిలింది క్లబ్బు నడవడానికి: హాలు కిరాయి, భోజనాలు, ఉత్తరాలు, పిన్నులు. సేవకు పెట్టే డబ్బు వేరే. అది విరాళాల ద్వారా, అప్పటికప్పుడు సభ్యులు వేసుకునే వాటి ద్వారా వస్తుంది. లయన్స్‌లోనైతే జనం దగ్గర వసూలు చేసిన పైసా జనానికే పోవాలని, క్లబ్బు ఖర్చులకు తాకకూడదని గట్టి నియమం ఉంది. అందుకే రెండు ఖాతాలు. చక్కటి నియమమే. కానీ చేరిన రోజు ఎవరూ కూర్చోబెట్టి ఈ రెండు ఖాతాల ముచ్చట చెప్పరు. మూడు నెలల తర్వాత కంటి శిబిరానికి మళ్లీ రెండు వేలు వేయమంటే, "మొన్ననే కట్టిన కదా, అవేమైనయి?" అని లోపల అనుకుంటాడు. బయటికి అడగడు. అడగడం మర్యాద కాదనుకుంటాడు. తర్వాతి మీటింగుకు రాడు.

బిల్లు ఎప్పుడొస్తుందో కూడా తెలిసి ఉండాలి. పైసంస్థలు జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి, జాబితాలో ఎంతమంది ఉంటే అంతమంది లెక్కన క్లబ్బును అడుగుతాయి. సభ్యుడు కట్టినా కట్టకపోయినా క్లబ్బు కట్టాల్సిందే. అందుకే జూన్ చివర్లో ఏ క్లబ్బు కార్యదర్శి అయినా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాడు. చందా ఇవ్వని పేర్లన్నీ ఆ వారంలో పోతాయి. ఆ పేర్ల వెనక మనుషులున్నారని, వాళ్లెందుకు రాలేదో అడగాలని తోచే సమయం అది కాదు. నాకు ఆ తమ్ముడికి ఫోన్ చేయాలని తోచింది కానీ, ఆ ఏడు ఇంకో నలుగురి పేర్లు ఫోన్ చేయకుండానే తీసేశాను. అది నా తప్పే.

ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. అదే అసలు ముడి అని నా అభిప్రాయం.

ఈ క్లబ్బుల్లో పదవి ఒక్క ఏడాదే, జూలై 1 నుంచి జూన్ 30 దాకా. అధ్యక్షుడికి ఏడాది, గవర్నర్‌కూ ఏడాది. ఒక మనిషి గద్దె పట్టుకుని కూర్చోకుండా ఇది మంచి కట్టడి. కానీ ఏడాది ముగిసేసరికి ఎంతమందిని చేర్పించావన్నది పేరుకు, అవార్డుకు లెక్క అవుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో హడావుడి మొదలవుతుంది. బావమరిది, దుకాణంలో గుమాస్తా, అపార్ట్‌మెంట్‌లో పక్కింటాయన, ఎవరు దొరికితే వాళ్ల పేరు రాస్తారు. కొందరి చందా అధ్యక్షుడే జేబులోంచి కడతాడు. అట్లా చేరిన కాగితం సభ్యుల సంగతి వదిలేయండి, వాళ్లు జూన్ దాటరు. అదే హడావుడిలో మనస్ఫూర్తిగా చేరినవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురుంటారు. బాధ వాళ్ల గురించే.

మే నెలలో చేరిన అలాంటి మనిషిని ఒకసారి ఊహించండి. తనను పిలిచిన అధ్యక్షుడు నెలన్నరలో మాజీ అవుతాడు. రాబోయే అధ్యక్షుడు తన జట్టును అప్పటికే ఎంచుకున్నాడు. కమిటీల జాబితా అచ్చుకు పోయింది, అందులో ఈ కొత్త పేరు లేదు. జూలై ఫంక్షన్‌లో శాలువా కప్పుతారు, కానీ ఆ ఏడాది పనుల్లో తన వంతు ఎక్కడా రాసి లేదు. పాత అధ్యక్షుడు "నా పని అయిపోయింది" అనుకుంటాడు, కొత్త అధ్యక్షుడు "ఆయన మనిషి కదా" అనుకుంటాడు. ఇద్దరిదీ చెడు ఉద్దేశం కాదు. మధ్యలో మనిషి మాత్రం ఎవరికీ చెందకుండా పోయాడు. ల్యాబు తమ్ముడి పేరు బోర్డు ముందుకొచ్చింది కూడా మే చివరి వారంలోనే. నేను పాత రిజిస్టర్లు ముందేసుకుని చూస్తే, ఏడాది తిరగకుండా వెళ్లిపోయిన వాళ్లలో ఎక్కువ మంది ఈ వేసవి పేర్లే.

స్పాన్సర్ ఉన్నాడు కదా, అతను చూసుకోవాలి కదా అంటారు. చూసుకోవాల్సిందే. కానీ మన దగ్గర స్పాన్సర్ పని ఫారం మీద సంతకంతో అయిపోతోంది. పెళ్లి సంబంధం చూసిన పెద్దమనిషి కూడా పెళ్లయ్యాక ఏడాది పాటు రెండిళ్లకూ వచ్చిపోతుంటాడు. ఇక్కడ ఆ మాత్రం కూడా లేదు. స్పాన్సర్ చేయాల్సిన పనులు కష్టమైనవేం కాదు: మొదటి మూడు మీటింగులకు తన బండి మీద తీసుకురావడం, తన స్నేహితుల గుంపులో కాకుండా వేరేవాళ్ల పక్కన కూర్చోబెట్టడం, రాకపోతే తెల్లారి ఫోన్ చేయడం. ఇంకొకటి, చాలా ముఖ్యమైనది: ఎవరైనా కొత్తవాడికి చిట్టీ అంటగట్టబోతే, ప్లాటు చూపిస్తానంటే, పాలసీ కట్టమంటే అడ్డుపడటం. చేరిన నెలలోనే ముగ్గురు సభ్యులు ముగ్గురూ మూడు రకాల వ్యాపారం మాట్లాడితే ఆ మనిషి సేవ గురించి ఏమనుకుంటాడు? 1917లో పెట్టుకున్న నియమం ఇందుకే.

మీటింగుల భాష కూడా ఒక గోడ. మన సభ్యుల్లో బియ్యం మిల్లు వాళ్లు, టీచర్లు, మందుల దుకాణం వాళ్లు, కాంట్రాక్టర్లు, అందరూ ఇంట్లో దుకాణంలో తెలుగు మాట్లాడేవాళ్లే. మైకు ముందుకు రాగానే సభ ప్రారంభం నుంచి వందన సమర్పణ దాకా ఇంగ్లిష్. దాని మీద పొట్టి అక్షరాలు: పీడీజీ, ఎంజేఎఫ్, పీహెచ్ఎఫ్. కొత్తవాళ్లు అవేవో డిగ్రీలనుకుంటారు. పీడీజీ అంటే మాజీ డిస్ట్రిక్ట్ గవర్నర్. ఎంజేఎఫ్ అంటే మెల్విన్ జోన్స్ ఫెలో, పీహెచ్ఎఫ్ అంటే పాల్ హారిస్ ఫెలో; ఆయా సంస్థల ఫౌండేషన్‌కు 1,000 డాలర్లు విరాళం ఇచ్చినందుకు, లేదా ఒకరి పేరు మీద ఇచ్చినందుకు దక్కే గౌరవం. ఇంతే సంగతి. ఒక్క నిమిషంలో చెప్పొచ్చు, ఎవరూ చెప్పరు. మా దగ్గర రెండేళ్లుగా తీర్మానాలు, లెక్కలు తెలుగులోనే చదువుతున్నాం. అంతకుముందు ఎన్నడూ నోరు విప్పని ఇద్దరు సభ్యులు మొదటి నెలలోనే ఖర్చుల మీద ప్రశ్నలు వేశారు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పుకోవాలి. ఈ క్లబ్బులు చాలాకాలం మగవాళ్లవే. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి రోటరీ క్లబ్బు 1977లో ముగ్గురు ఆడవాళ్లను చేర్చుకుంటే, మరుసటి ఏడు పైసంస్థ ఆ క్లబ్బు గుర్తింపునే తీసేసింది. వాళ్లు కోర్టుకు పోయారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు క్లబ్బు పక్షాన తీర్పిచ్చింది, 1989లో రోటరీ తన నియమాన్నే మార్చుకుంది. లయన్స్ 1987లోనే తలుపులు తీసింది. నియమం మారి ముప్పై అయిదేళ్లు దాటింది, మన హాళ్లలో కుర్చీల వరుస మాత్రం పెద్దగా మారలేదు. భార్యలను ఫంక్షన్ నాడు పిలుస్తాం, ఒక పక్కన కూర్చోబెడతాం, జ్యోతి వెలిగించమంటాం. చేరుతారా అని అడగం. చేరిన ఒకరిద్దరు ఎందుకు నిలవరో మాకు ఒక టీచరమ్మ చెప్పింది: "ఎనిమిదింటికి మీటింగ్ అంటరు సార్. మీరొచ్చేది తొమ్మిదింటికి. అన్నం పెట్టేసరికి పదిన్నర. తెల్లారి ఆరింటికి నేను టిఫిన్ డబ్బా కట్టాలె. ఎట్ల రావాలె?" ఆమె మాట విని నెలలో ఒక మీటింగు ఆదివారం పొద్దున పదింటికి పెట్టాం. సద్దుల బతుకమ్మ వారంలో మీటింగు మొత్తానికే మానేశాం. ఖర్చు లేని పని, ముందే చేయాల్సింది.

ఏ క్లబ్బులో చేరాలని అడిగేవాళ్లకు ఒక మాట. యువతకు రోటరీ వాళ్ల రోటరాక్ట్, లయన్స్ వాళ్ల లియో క్లబ్బులున్నాయి. నలభై ఏళ్ల లోపు వాళ్లకు జేసీఐ ఉంది. ఆడవాళ్లు నడుపుకునే ఇన్నర్ వీల్ 1924లో ఇంగ్లండ్‌లో పుట్టింది. మన దగ్గరే మొదలైన వాసవి క్లబ్బులున్నాయి. పేరు చూసి ఎంచుకోకండి. ఫంక్షన్‌కు కాకుండా వాళ్లు శిబిరం పెట్టే రోజు పోయి అక్కడ ఎవరు పని చేస్తున్నారో చూడండి.

హాజరు నియమాలు కూడా మారాయి. ఒకప్పుడు రోటరీలో వారం వారం రావాలి, వరుసగా నాలుగు మీటింగులు తప్పితే సభ్యత్వానికే ముప్పు. 2016 నుంచి నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలని క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు వాడుకుని ఒక మీటింగును ఊళ్లో పనిగా మార్చుకోవచ్చు.

పని అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. ములుగు రోడ్డు మీదుగా పోతే వచ్చే ఒక ఊళ్లో కంటి శిబిరం. బడి వరండాలో గోడకు అక్షరాల బోర్డు తగిలించి, అక్కడి నుంచి టేపుతో ఆరు మీటర్లు కొలిచి చాక్‌పీసుతో గీత గీస్తారు. ఆ గీత మీద కుర్చీ. అప్పటికి చేరి మూడు వారాలైన ఒక స్టేషనరీ దుకాణం అతన్ని ఆ కుర్చీ దగ్గర నిలబెట్టాం. మొదటి అవ్వ వచ్చి కూర్చుంది. ఒక కన్ను మూసుకోమంటే రెండు కండ్లూ మూసుకుంది. మళ్లీ చెప్పాడు, మళ్లీ రెండూ మూసుకుంది. అప్పుడతను ఆమె అరచేయి పట్టుకుని మెల్లగా ఎడమ కన్ను మీద పెట్టాడు. "గిట్ల పట్టుకో అవ్వా, ఒత్తకు." ఆమె కుడి కంటితో బోర్డు వైపు చూసి, "బోర్డేడున్నది బిడ్డా?" అంది. ఆ తర్వాత నూట ఇరవై మంది దాకా వచ్చారు. మధ్యాహ్నానికల్లా ఎవరూ చెప్పకుండానే అతను ప్రతి ఒక్కరి అరచేతినీ తనే కంటి మీద పెడుతున్నాడు.

శుక్లం ఉందని తేలినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తారు. షుగర్ ఎక్కువుంటే ఆపరేషన్ వాయిదా, మందులు రాసిచ్చి పంపిస్తారు. మిగిలినవాళ్లను బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్తారు. తెల్లారి కట్టు విప్పుతారు, చుక్కల మందు, నల్ల అద్దాలు ఇస్తారు, కంట్లో నీళ్లు పడకుండా చూసుకోమని చెప్పి ఇంటికి చేరుస్తారు. ఫోటోలు అన్నీ బస్సు ఎక్కేటప్పుడే తీస్తారు. ఎక్కువ తప్పులు జరిగేది ఆ తర్వాత. చుక్కలు వేసేవాళ్లు ఇంట్లో ఉండరు, కొడుకు హైదరాబాదులో, కోడలు పొలంలో. అందుకని ఆపరేషన్ అయిన ఆరుగురికి రోజు విడిచి రోజు ఫోన్ చేసే పని కూడా ఆ స్టేషనరీ దుకాణం అతనికే ఇచ్చాం. నాలుగు వారాలు చేశాడు. ఒకామెకు కన్ను ఎర్రబడిందని అతని ఫోన్ వల్లే తెలిసి మళ్లీ డాక్టరుకు చూపించాం. ఆ దుకాణం అతను ఇప్పుడు ఆ ఊరికి పోతే, ఎవరింటికైనా పోయి చాయ్ తాగొచ్చు. అలాంటి మనిషి జూన్‌లో చందా కట్టలేదని ఆగడు, ముందే కట్టేస్తాడు.

పెద్ద పనులు కూడా ఇట్లాంటి చిన్న వంతులతోనే అయ్యాయి. 1985లో రోటరీ పోలియో మీద పూనుకుంది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో మన దేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదన్న ధృవీకరణ దక్కింది. ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది పక్కన నిలబడి, చుక్కలు వేసుకున్న పసిపిల్లల ఎడమచేతి చిటికెన వేలికి మార్కర్‌తో గుర్తు పెట్టడం కూడా అందులో ఒక వంతు. చేరిన మరుసటి ఆదివారమే ఎవరైనా చేయగల పని.

మేము పోగొట్టుకున్న ఒక అవకాశం గురించి కూడా చెప్పాలి. 2023 జూలై ఆఖరి వారంలో వాన పడ్డ తీరు ఇక్కడివాళ్లెవరూ మరవరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరంతా నీళ్లలో పడింది, వరంగల్‌లో కాలనీలు మునిగాయి. అప్పుడు మా క్లబ్బు అన్నం పొట్లాలు కట్టిస్తుంటే, ఎవరూ పిలవకుండానే పిల్లలు వచ్చారు. డిగ్రీ చదివేవాళ్లు, సెల్ ఫోన్ల షాపుల్లో పనిచేసేవాళ్లు. మోకాలి లోతు నీళ్లలో పొట్లాల సంచులు నెత్తిన పెట్టుకుని నడిచారు. నాలుగు రోజులు ఉన్నారు. నీళ్లు తగ్గాయి, వాళ్లూ వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబర్ కూడా మేము రాసుకోలేదు. వారం తర్వాత బోర్డు మీటింగులో సభ్యత్వం పెంచాలని గంటసేపు మాట్లాడుకున్నాం.

ఇప్పుడు మా శిబిరాల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. సాయానికి వచ్చిన ప్రతివాళ్ల పేరు, నంబరు, ఏం పని చేశారో ఒక మాట. కొత్త సభ్యుల కోసం మొదట వెతికేది ఆ పుస్తకంలోనే. మూడు పనుల్లో మాతో కలిసి నడిచాకే చేరమని అడుగుతాం. చందా ఎంత, అందులో ఏ భాగం ఎటు పోతుంది, సేవకు విడిగా ఎంత అడుగుతాం, ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి ముందే చేతికిస్తాం. కొందరు ఆ కాగితం చూసి వద్దంటారు. మంచిదే, శిబిరానికి మాత్రం వస్తూనే ఉంటారు. మార్చి దాటాక కొత్త పేర్లు తీసుకోవడం మానేశాం; ఆ నెలల్లో అడిగినవాళ్లను రాబోయే అధ్యక్షుడే స్వయంగా కలుస్తాడు, తన కమిటీల్లో చోటు చూసి జూలైలో చేర్చుకుంటాడు. దీనివల్ల ఒక ఏడాది మా లెక్క తగ్గింది, అవార్డు రాలేదు. బోర్డులో కొంచెం గొడవ కూడా అయింది. వెళ్లిపోయినవాళ్లకు ఫోన్ చేసి కారణం అడగడం ఇప్పుడు కార్యదర్శి పనుల్లో ఒకటి.

ల్యాబు తమ్ముడు మళ్లీ మా క్లబ్బులోకి రాలేదు. రక్తదానం చేసేవాళ్ల జాబితా ఒకటి సొంతంగా నడుపుతున్నాడు. అర్ధరాత్రి అవసరమొస్తే మేమే అతనికి ఫోన్ చేస్తాం.

ఈ ఏడు ప్రమాణానికి మూడు పేర్లు వచ్చాయి. బోర్డు కాగితం మీద ప్రతి పేరు పక్కన ఒక గడి: మొదటి పని ఏమిటి, ఏ తారీఖు. ఒకరికి ఎండాకాలం చలివేంద్రం నీళ్ల ట్యాంకర్ బాధ్యత, ఒకరికి కంటి శిబిరం బస్సు జాబితా. మూడో పేరు, ఒక ప్రభుత్వ బడి టీచరమ్మది, పక్కన ఖాళీగా ఉంది. గడి నిండేదాకా ప్రమాణం ఆపుదామన్నారు. ఆమెకు అదే మాట ఫోన్లో చెప్పాను, నొచ్చుకుంటుందేమోనని భయపడుతూనే. ఆమె కాసేపు ఆగి, "మా బడిల బోర్డు కనిపియ్యక ముందు బెంచికి జరిగి కూసునే పిల్లలున్నరు సార్. ఎంతమందికి అద్దాలు కావాలెనో నేను లెక్క తీస్త. వచ్చే శనివారంకల్లా ఇస్త, రాస్కోండ్రి" అంది.